టర్కీకోడిని కాదన్న డాక్టరమ్మ

మా అత్త మకారియాకి కోపం వస్తే ఆమె చేసే మొక్కజొన్న రొట్టెలు, మా తోర్తియాలు, మందమైపోతాయి. ఆ ఏడాది ద్రాక్షకోతలు సగంలో ఉండగా మా ఇంట్లో తోర్తియాలు చెప్పు అట్టల్లా తయారయ్యాయి. నమల్లేక మా ఆయన ఎలూతేరియో కాఫీలో ముంచుకుని తిన్నాడు. ఆ కోపానికి కారణం ఒక టర్కీకోడి. టర్కీకోడికి కారణం మా ఒడీలియా పన్ను.

ఒడీలియా నా ఒక్కగానొక్క కూతురు. అప్పటికి పదేళ్ళది. మాడెరా చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో పనిచేసే మా ఊరివాళ్ళ పిల్లలంతా కలిసి ఒక బ్యాండు నడుపుతారు. వహాకా కొండల్లో మా ఊళ్ళో బడి లేని రోజులున్నాయి గాని బ్యాండు లేని రోజులు లేవు. పనికోసం దేశం దాటి ఇక్కడికొచ్చినా ఆ పిచ్చి వదల్లేదు. అబుందియో మాస్టారు పగలంతా మాతోపాటే ద్రాక్షలు కోసి, సాయంత్రం స్నానం చేసి, తన కారు షెడ్డులో పిల్లల్ని కూర్చోబెట్టి వాయిద్యాలు నేర్పిస్తాడు. ఆ ఏడాది సెప్టెంబరు ఆఖర్లో వచ్చే మా శాన్ మిగెల్ పండక్కి ఒడీలియాకి ఒక పాట ఇచ్చాడు. బ్యాండంతా ఆగిపోతే తనొక్కతే నిలబడి ట్రంపెట్ ఊదాలి. ఒకప్పుడు ఊళ్ళో ఆ పాట మా మామ ఊదేవాడు. ఆయన పోయాక ఎవరూ ఊదలేదు. అందుకని ఆ పాట గురించి మా అత్త పైకి ఒక్క మాటా అనకుండా, సాధన జరిగినంతసేపూ షెడ్డు బయట కుర్చీ వేసుకుని బీన్సు ఏరుతూ కూర్చునేది. ఏరిన బీన్సే మళ్ళీ ఏరేది.

ఒకరోజు మాస్టారు ఇంటికే వచ్చాడు.

"జెనైదా, పిల్ల నోరు చూశావా? ట్రంపెట్ పెదవికి ఆనించగానే మొహం చిట్లిస్తోంది. సగం గాలి పక్కనుంచే పోతోంది."

చూస్తే ఏముంది, పైవరస ముందుపన్ను వెనకంతా నల్లబడి, చిగురు ఉబ్బి కూర్చుంది. నొప్పని ముందే చెబితే పాట ఇంకొకరికి ఇచ్చేస్తారని నోరు కుట్టేసుకుంది గడుగ్గాయి. నేను లవంగం పెట్టాను. మా ఆయన ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాడు. మా అత్త మాత్రం తేల్చిపారేసింది.

"ఊడితే ఊడనీ. మళ్ళీ వస్తుంది. మనకి రాలేదూ?"

కోతల కాలంలో పిల్లల బడి పక్కన ఖాళీ స్థలంలో ఒక తెల్లటి పెద్ద బండి వచ్చి ఆగేది. లోపల పళ్ళ ఆసుపత్రి, అందులో ఒక డాక్టరమ్మ. తోటపనివాళ్ళ పిల్లలకి అంతా ఉచితం. కోతలైపోగానే బండి వేరే ఊరు వెళ్ళిపోతుంది. మర్నాడు పొద్దున్నే ఒడీలియాని తీసుకుని బయల్దేరుతుంటే మా అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఉచితమా? ఎవరి కూతురు ఆవిడ? ఏ ఊరు? మనకి ఊరికే ఎందుకు చేస్తుంది?"

"ప్రభుత్వం చేయిస్తుంది అత్తయ్యా."

"ప్రభుత్వానికి మనం ఏమవుతాం?"

ఆమె ప్రశ్నలో తప్పు లేదు. మా కొండల్లో దీన్ని గొసోనా అంటారు. నీ ఇంటి కప్పు నేను వేస్తే, నా ఇంటి కప్పు నువ్వు వేస్తావు. మా ఊరి బ్యాండు మీ ఊరి పండగలో వాయిస్తే, మీ బ్యాండు మా పండక్కి వస్తుంది. ఎవరూ ధర అడగరు, ఎవరూ మర్చిపోరు. ఇచ్చి పుచ్చుకోవడం ఉన్నచోటే చుట్టరికం ఉంటుంది. ఇచ్చి, పుచ్చుకోనివాళ్ళు అక్కడ ఇద్దరే. ఒకరు దేవుడు, రెండోవాళ్ళు నిన్ను చిన్నచూపు చూసేవాళ్ళు.

"ముందు నొప్పి తగ్గనీ అత్తయ్యా, బదులు సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. ఆమె పక్కకి తప్పుకుంది. కానీ మాట మనసులో పెట్టుకుంది.

డాక్టరు పేరు ఒచోవా. నా ఈడుదే. మాట్లాడే స్పానిష్‌లో ఉత్తరాది యాస. ఒడీలియా చేతికి చిన్న అద్దం ఇచ్చి, "నేనేం చేస్తున్నానో నువ్వు చూస్తుండు. నొప్పేస్తే చెయ్యెత్తు, ఆపేస్తా" అంది. అన్నట్టే రెండుసార్లు ఆపింది. నన్ను బయటికి పొమ్మనలేదు. పిల్ల కాళ్ళ దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టింది. చీము తీసి, మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూసింది.

"ఇది పాలపన్ను కాదమ్మా. పోతే మళ్ళీ రాదు. లోపల మందు పనిచేశాక ఇంకోసారి వస్తే గట్టిగా మూసేస్తాను. ఆ రెండోసారి రాకపోతే మాత్రం ఇప్పుడు చేసిందంతా వృథా. పన్ను పీకెయ్యాల్సిందే."

"ట్రంపెట్ ఊదొచ్చా?" అంది ఒడీలియా, నోరు మొద్దుబారి మాట తిరక్కపోయినా.

డాక్టరు ఆగిపోయింది. "ట్రంపెట్టా? పెదవి ఎక్కడ ఆనుతుంది? చూపించు."

పిల్ల జేబులోంచి, విడిగా ఊడొచ్చే ట్రంపెట్ మూతి తీసింది. అది లేకుండా నిద్ర కూడా పోదు మరి. డాక్టరు దాన్ని కడిగించి, పెదవికి పెట్టించి, పక్కనుంచీ కిందనుంచీ వంగి చూసింది. "సరిగ్గా ఈ పన్నుమీదే పడుతుంది బరువు. మూసేటప్పుడు అది గుర్తుపెట్టుకుని చేస్తాను. అప్పటిదాకా ఊదకు, సరేనా?" అంది. నా కూతురి పన్నే కాదు, నా కూతురి పాట కూడా ఆమెకి పట్టింది. ఇంటికి వస్తుంటే నాకు కడుపు నిండినట్టుంది.

ఆ సంగతంతా మా అత్తకి చెప్పాను. చెప్పకపోయినా బాగుండేది.

ఆ శనివారం ఆమె పెరట్లోకెళ్ళి, పండక్కని పెంచుతున్న మగ టర్కీకోడిని పట్టింది. కాళ్ళకి ఎర్ర రిబ్బను కట్టింది. తను పెళ్ళిలో కప్పుకున్న శాలువా తీసి భుజాన వేసుకుంది. కోడిని చంకలో పెట్టుకుని మా ఆయన ట్రక్కు ముందుసీట్లో కూర్చుంది. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన తాళాలు తీసుకున్నాడు. వాళ్ళమ్మకి ఎదురుచెప్పడం ఆయన జాతకంలో లేదు.

బండి బయట పిల్లలూ తల్లులూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మా అత్త వాళ్ళ మధ్యనుంచి తలెత్తుకుని నడిచింది. డాక్టరు మెట్లమీదికి వచ్చి నవ్వబోయి, కోడిని చూసి ఆగిపోయింది.

"మకారియాని. మా ఇంటి తరఫున" అంది మా అత్త. ఆమెకి స్పానిష్ అంతంతమాత్రం. ఆ మాట మాత్రం దారి పొడుగునా సాధన చేసుకుంది.

"అయ్యో, దోన్యా మకారియా, మీ మనసు గొప్పది. కానీ మేం ఎవరిదగ్గరా ఏమీ తీసుకోకూడదు. అది మా నిబంధన. ఇక్కడంతా ఉచితం, మీరేమీ ఇవ్వక్కర్లేదు" అంది డాక్టరు. పెద్దావిడల్ని గౌరవంగా దోన్యా అంటారు.

నేను మా కొండల భాషలోకి మార్చి చెప్పాను. ఎంత మెత్తగా మార్చినా చివర మిగిలేది ఆ ఒక్క ముక్కే. వద్దంది. మా అత్త మొహంలో రక్తం చుక్క లేదు. మా ఊళ్ళో నువ్విచ్చిన కోడిని ఎవరైనా వద్దన్నారంటే, ఇక నీ గడపతో మాకు సంబంధం లేదన్నట్టు. పగవాళ్ళు తప్ప ఆ పని చెయ్యరు. ఈలోగా కోడి రిబ్బను తెంపుకుని మెట్లకింద దూరింది. దాన్ని పట్టడానికి మా ఆయన మోకాళ్ళమీద పాకాడు. పిల్లలు పకపకా నవ్వారు. అది ఇంకో పోటు.

ఇంటికి రాగానే మా అత్త శాలువా మడిచి పెట్టెలో పెట్టేసింది.

"అంటే ముష్టి వేసిందన్నమాట. తీసుకోనివాళ్ళు ఇచ్చేది ముష్టే. నా మనవరాలు ముష్టిపన్నుతో ఆయన పాట ఊదక్కర్లేదు. మళ్ళీ ఆ బండి ఎక్కితే నా మీద ఒట్టు."

"అమ్మా, పన్ను..." అన్నాడు మా ఆయన.

"నీ పన్ను నేను చూసుకున్నానా, ఎవరైనా డాక్టరు చూశాడా?"

"అందుకేగా అత్తయ్యా, ఆయనకి దవడపళ్ళు లేనిది" అన్నాను నేను. ఆ పూటనుంచే తోర్తియాలు మందమయ్యాయి.

నేను ఒట్టుని పక్కనపెట్టి పిల్లని లాక్కెళ్ళగలను. అంత భయస్తురాలినేం కాదు. కానీ ఒడీలియా కదల్లేదు. "నానమ్మ వినకపోతే ఆ పాట ఊదడమెందుకు?" అంది. నానమ్మ పక్కమీదే పడుకునే పిల్ల. ఈ ఇద్దరి మధ్యా నా ప్రాణం పోతోంది. ఓ పూట గట్టి తోర్తియా కొరుకుతుంటే పిల్ల పన్నుమీది పూత అంచు విరిగింది. రెండోసారి వెళ్ళాల్సిన రోజు దాటిపోయింది. ఒడీలియా అద్దంలో చూసుకుని, ట్రంపెట్‌ని పెట్టెలో పెట్టి మూత వేసింది. ఆ చిన్న చప్పుడుకి నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున పని మధ్యలోంచే తిన్నగా బండి దగ్గరికి వెళ్ళాను. చేతులు ద్రాక్షరసంతో జిగటగా ఉన్నాయి. కడుక్కోను కూడా లేదు. కోడి కథంతా డాక్టరుకి విప్పి చెప్పాను. ఆమె కుర్చీలో కూలబడింది.

"నేను మర్యాదగానే చెప్పాను కదమ్మా!"

"మర్యాదగానే తోసేశారు. మీది తప్పని కాదు డాక్టరమ్మా. మీకు వస్తువు పనికిరాదు, అర్థమైంది. పోనీ మా అత్తని ఏదైనా ఒకటి అడగండి. మా దగ్గర ఇచ్చినవాళ్ళు అడగాలి. అడక్కపోతే మేం తలెత్తుకోలేం."

"ఏమడగను? నాకేం కావాలి?" అంటూ చుట్టూ చూసింది. రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీ. బయట వేసిన కుర్చీలు చాలావరకు ఖాళీ. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం డాక్టరు తోటలోకే వచ్చింది. మేం వరసల మధ్య నేలమీద కాగితాలు పరిచి, కోసిన గుత్తులు ఎండకి ఆరబెడుతున్నాం. అవి అక్కడే ఎండి కిస్మిస్ అవుతాయి. కందిరీగలు ముసురుతున్నాయి. డాక్టరు తెల్లబూట్లు ఒక్క వరస దాటేసరికి మట్టిరంగుకి వచ్చాయి. మా అత్త చూసింది, చూడనట్టు గుత్తులు సర్దుకుంటూ పోయింది. డాక్టరు ఆమె పక్కనే దుమ్ములో చతికిలపడింది.

"దోన్యా మకారియా, నాకొక సాయం కావాలి."

నేను మా భాషలో చెప్పాను. మా అత్త చేతులు ఆగలేదు.

"ఈ తోటపనివాళ్ళ శిబిరాల్లో పిల్లలు చాలామంది ఉన్నారని విన్నాను. నా దగ్గరికి రావడం లేదు. ఉచితమంటే వాళ్ళకి నమ్మకం లేదు. నా స్పానిష్ కొందరు తల్లులకి అర్థం కాదు. ఇలాగే ఖాళీగా ఉంటే వచ్చే ఏడాది బండిని వేరే ఊరికి పంపేస్తామంటున్నారు. నేనెలా పిలవాలో నాకు తెలియడం లేదు. మీరు పిలిచిపెడతారా?"

మా అత్త చేతిలో గుత్తిని కాగితంమీద పెట్టింది. ద్రాక్షలు పైకి ఉండేలా తిప్పింది. శాలువా లేని తలమీద చెయ్యి ఆడించుకుని కందిరీగని తోలింది.

"ఎప్పుడు?" అంది.

ఆ సాయంత్రం తోర్తియాలు కాగితాల్లా పల్చగా వచ్చాయి. మా ఆయన లెక్కలేకుండా తిన్నాడు. నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, సంతోషం పట్టలేక.

పిలవడమంటే మా అత్తకి తెలిసింది ఒక్కటే పద్ధతి. మా దగ్గర పండక్కి పిలవాలంటే బ్యాండు వీధివీధీ తిరుగుతుంది. ముందు ఇంటి పెద్దావిడ పూలబుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తుంది. ఆదివారం పొద్దున్నే అబుందియో మాస్టారు పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. మా అత్త పెట్టెలోంచి శాలువా తీసింది. బుట్టలో బంతిపూలు, మధ్యలో డాక్టరు ఇచ్చిన పళ్ళబ్రష్షులు గుచ్చింది. శిబిరాల మధ్యనుంచి బ్యాండు బయల్దేరింది. ఊదకూడదు కాబట్టి ఒడీలియా నానమ్మ శాలువా అంచు పట్టుకుని నడిచింది.

బ్యాండు వినపడితే మావాళ్ళు ఇంట్లో ఉండలేరు. ఎవరి పెళ్ళని కూడా అడగరు. మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు తొడుక్కొచ్చారు. ఒకాయన మెస్కల్ సారా సీసా తెచ్చాడు. ఒక ముసలామె పెళ్ళికూతురికని దుప్పటి తెచ్చింది. అందరూ బ్యాండు వెనకాల నాట్యం చేసుకుంటూ వచ్చి వచ్చి పళ్ళబండి ముందు ఆగారు.

"పెళ్ళికూతురేదీ?" అంది దుప్పటావిడ.

"పెళ్ళి లేదు గిళ్ళి లేదు, పిల్లల నోళ్ళు చూపించండి" అంది మా అత్త. "ఈవిడ మనకి పని చేస్తుంది. నేను బదులిస్తున్నాను. ఇది ముష్టి కాదు, గొసోనా. భయపడకండి."

"మకారియా, పెళ్ళని మోసం చేశావే!"

"పెళ్ళైతే ఒక్కరోజే తింటారు. పళ్ళుంటే రోజూ తింటారు. నడు!"

నవ్వుతూనే వరస కట్టారు. మా అత్త బండి మెట్లమీద కూర్చుని, డాక్టరు చెప్పేది నేను అందిస్తే తల్లులకి చెప్పింది. చెప్పేది కొంత, తిట్టేది కొంత. "సీసాలో తియ్యటి నీళ్ళు పోసి పడుకోబెడతావా? నీ కొడుకు పళ్ళు నువ్వే తినేస్తున్నావు!" అని ఒకామెని కడిగేసింది. ఆమె సిగ్గుపడి నవ్వింది. బయటికొచ్చిన ప్రతి పిల్లవాడికీ మాస్టారు డప్పుమీద ఒక దెబ్బ కొట్టించాడు. దాంతో ఏడ్చేవాళ్ళు తగ్గి, తోసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. "నొప్పి తెలియనేలేదు", "నన్ను పక్కనే కూర్చోనిచ్చింది", "అద్దంలో చూపించింది" అని తల్లులు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. బండిని పంపే ఆఫీసునుంచి వచ్చిన ఒకమ్మాయి అందర్నీ సేవలు తృప్తిగా ఉన్నాయా అని అడుగుతోంది. మా అత్త దగ్గరికీ వచ్చింది.

"తృప్తా? భోంచేసి లేచినవాళ్ళని అడుగు ఆ మాట. మేం నొప్పితో వచ్చాం, నొప్పి పోయింది. ఇంకేం చెప్పాలి?" అంది మా అత్త. ఆ అమ్మాయికి నేను క్లుప్తంగా, బాగుందంటున్నారని చెప్పాను.

చివర్లో ఒడీలియా వంతు. మా అత్త తనే చెయ్యి పట్టుకుని బండెక్కించింది. విరిగిన అంచు చూసి డాక్టరు పెదవి కొరుక్కుంది.

"ఆలస్యమైంది. ప్రయత్నిస్తాను, మాట ఇవ్వలేను" అంది నాతో. పిల్లకి దవడ లాగేంతసేపు పట్టింది. నేను స్టూలుమీద, మా అత్త తలుపు దగ్గర నిలబడి. బయట బ్యాండు వాయిస్తూనే ఉంది. డాక్టరు మూసింది, అరగదీసింది, ట్రంపెట్ మూతి పెట్టించి చూసింది, మళ్ళీ అరగదీసింది. "నిలబడాలి" అంది ఆఖరికి. "కొన్నాళ్ళు ఆగి, మెల్లగా మొదలుపెట్టు."

పండగనాటికి కిస్మిస్ అంతా కాగితాలతోసహా చుట్టి లోపలికి చేర్చేశాం. వాన రాలేదు. టర్కీకోడి మోలే పులుసులో ఉడికింది. డాక్టరు పూలగౌను వేసుకుని ఒక్కతే వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడింది. మా అత్త ఆమెని తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

బ్యాండు ఆగింది. ఒడీలియా ముందుకొచ్చింది. పెదవి ఆనించి, తీసేసి, నాలుకతో పన్ను తడుముకుంది. మళ్ళీ ఆనించింది. మొదటి స్వరం సన్నగా వణికింది, రెండోది నిలిచింది, మూడోదానికి నా పక్కన మా ఆయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గాలి ఎక్కడా పక్కకి పోలేదు. మా అత్త కళ్ళు మూసుకుని వింటోంది. ఆమె చెయ్యి డాక్టరు చేతిమీద ఉంది. ఎప్పుడు వేసిందో నేను చూడలేదు.

పాట అయ్యాక మాస్టారు చెయ్యెత్తాడు. ఎవరినైనా గౌరవించాలంటే మా బ్యాండు చిన్న జోరు పాటొకటి అందుకుంటుంది. డాక్టరుని నిలబెట్టి ఆమె చుట్టూ చేరి వాయించారు. ఒకసారి కాదు, ఆమె కూర్చోబోతే మళ్ళీ, మళ్ళీ కూర్చోబోతే మళ్ళీ. ఈలోగా మా అత్త ఆమె పళ్ళెంలో మాంసం, దాని పక్కన మొక్కజొన్న పిండితో ఆవిరిమీద ఉడికించిన తమాలేలు, వాటిమీద ఇంకో రెండు తమాలేలు పెడుతూనే ఉంది.

డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "వాళ్ళని చాలించమనమ్మా. వీధులన్నీ తిరిగి పిలిచిపెట్టారు. ఇప్పుడు ఇదంతా. ఒక్క పన్నుకి ఇది చాలా ఎక్కువ."

నేను మా భాషలో చెప్పాను.

"ఎక్కువే" అంది మా అత్త, పళ్ళెం ఆమె ముందుకి జరుపుతూ. "సరికి సరి ఇచ్చేస్తే మళ్ళీ ఏడాది ఎందుకొస్తావు?"